జెలికో కొండ మీద 274

ఫార్మింగ్టన్ హిల్స్,
మే 19

ఏమే విద్యా,

ఈ కవరు చూసి ఎవరిదో పెళ్ళి శుభలేఖ అనుకుని ఉంటావు. నేనేనే, జయంతిని. కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. మా శ్రీవారు అవినాష్ ఎప్పటిలాగే గడ్డి కోస్తున్నాడు, గడ్డి ఎప్పటిలాగే పెరుగుతోంది.

మొన్న అట్టపెట్టెలు సర్దుతుంటే కాకినాడ హాస్టల్ రోజుల్లో సెలవులకి వెళ్ళి నువ్వు రాసిన ఉత్తరాలు దొరికాయి. నాలుగు పేజీలు నిండాక చోటు చాలక అంచుల వెంబడి తిప్పి తిప్పి రాసేదానివి. చదువుతూ అలాగే నేల మీద కూర్చుండిపోయాను. ఫోన్‌లో మాట్లాడితే నువ్వు గిన్నెలు కడుగుతూ మాట్లాడతావు, నేను మీటింగ్‌కి పరిగెడుతూ మాట్లాడతాను. అదేం మాట్లాడటం? ఈ ఏడాదికి మనిద్దరం ఒక ఒప్పందం చేసుకుందాం. ముఖ్యమైన సంగతులేవైనా చేత్తోనే రాసుకుందాం. మెయిల్ వద్దు, వాట్సాప్ వద్దు. నీ చేతిరాత మీద బెంగ పెట్టుకున్నాననుకో.

మీరు క్యాంపర్ కొన్న ఫోటో చూశాను, చక్రాల మీద చిన్న ఇల్లులా ఉంది. దాన్ని లాగే బండి మా కంపెనీదే కదా. ఆ గేర్‌బాక్స్ ట్యూనింగ్ నా టీమ్‌దే. ఆంటీ ఏం ఉద్యోగం చేస్తుందని వేద అడిగితే, ఎప్పుడు గేరు మార్చుకోవాలో కారుకి నేర్పే టీచర్ అని చెప్పు. జూలైలో స్మోకీ మౌంటెన్స్‌కి పిల్లలతో వెళ్తున్నామన్నావు. అనికకి కారు ఇప్పటికీ పడదా?

నాకొక చిన్న సాయం చెయ్యి. ఈ కవరుతో పాటు ఒక రీడర్ పంపుతున్నాను. స్టీరింగ్ కింద గుచ్చితే గేర్‌బాక్స్‌లోని ఆయిల్ ఎంత వేడెక్కిందో నీ ఫోన్‌లో కనిపిస్తుంది. పదిహేను నిమిషాలకోసారి రాసుకో. కొండ ఎక్కేటప్పుడు ఇంకా తరచుగా రాయి. భయపడే పనేమీ లేదు, నా సరదా కోసమే. మెకానికల్‌లో క్లాస్ ఫస్ట్ వచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కూర్చున్నావు. నీలోని ఇంజినీర్‌కి కాస్త మేత దొరుకుతుంది.

నీ
జయ

షామ్‌బర్గ్,
జూలై 20

జయా,

నాలుగు కాగితాలు కొనుక్కుని కూర్చున్నాను. పోస్టాఫీసులో స్టాంపు అడిగితే ఆవిడ నన్ను మ్యూజియంలోంచి వచ్చిన మనిషిలా చూసింది.

ముందు నీ డ్యూటీ సంగతి. పదకొండో తేదీన బయలుదేరి సిన్సినాటి దగ్గర ఆగిపోయాం. పన్నెండున పొద్దున్నే మళ్ళీ ఎక్కాం. దివాకర్ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన నోట్‌బుక్కుతో, వెనక పిల్లలిద్దరూ, వాళ్ళ వెనక రైస్ కుక్కరు, పులిహోర డబ్బా. లెక్సింగ్టన్ దాటాక ఆయిల్ వేడి 208 డిగ్రీల ఫారెన్‌హీట్. కెంటకీలో లండన్ అని ఒక ఊరుంది తెలుసా? అక్కడ 214. లండన్ చూశామని వేద స్కూల్లో చెప్పుకుంటుందట, అబద్ధం కాదు కదా అంటుంది.

టెన్నెసీలో అడుగుపెట్టగానే జెలికో కొండ మొదలైంది. 231. రెండు మైళ్ళలో 249. అనికకి కడుపులో తిప్పింది, సంచీ అందించేలోపు పని అయిపోయింది. వాసనకి ఏసీ ఫుల్‌లో పెట్టాం. 262. డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ వెలగలేదు. దివాకర్ "ఆపేద్దామా?" అన్నాడు. "ఇంకొక్క మైలు పోనీ, పైదాకా ఎంత వస్తుందో చూడాలి, జయ అడుగుతుంది" అన్నాను. పైకి చేరేసరికి 274. అప్పుడు ఏదో మాడుతున్న వాసన వచ్చింది. పులిహోర కాదు, నేను చూశాను. రోడ్డు పక్కకి తీసి ముప్పావుగంట కూర్చున్నాం. పిల్లలు గడ్డిలో ఆడుకున్నారు. బండి కింద మాత్రం కొంచెం పొగ కనిపించింది, తర్వాత అదే తగ్గింది. దిగేటప్పుడు మామూలే.

మిగతా నోట్‌బుక్ పేజీలు చింపి ఇందులో పెట్టాను. నంబర్ల పక్కన ఎండ, స్పీడు, ఏసీ, ఎవరికి వాంతయింది, అన్నీ రాశాను. ప్రాక్టికల్ రికార్డు ఇలాగే ఉండాలని మన లేడీ లెక్చరర్ చెప్పేది కదా. జయా, నిజంగా చెప్తున్నాను, పదిహేనేళ్ళ తర్వాత ఒక యంత్రం గురించి నన్నెవరో అడిగారు. దారి పొడవునా హుషారుగా ఉన్నాను.

ఎలుగుబంటి కనబడలేదు. వేద ఇంకా అలకలోనే ఉంది.

నీ
విద్య

ఫార్మింగ్టన్ హిల్స్,
జూలై 26

విద్యా,

రాసినవి రెండుసార్లు చదివాను. 274 నువ్వు కళ్ళారా చూసిందేనా? ఒకటికి రెండుసార్లు చూశావా? ఆ సమయంలో స్పీడెంతో పక్కన సరిగ్గా కనబడటం లేదు, 52 అనా 57 అనా? వెంటనే రాయి.

ఇంకొకటి. నేను కింద రాసిన పని పూర్తయ్యేదాకా ఆ బండికి క్యాంపర్ తగిలించవద్దు. దివాకర్ ఎంత చెప్పినా వద్దు.

పెద్ద పెట్టె ఒకటి వస్తుంది. అందులో గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం పాన్ ఉంటుంది. ఇప్పుడున్న రేకు పాన్ తీసి ఇది బిగించాలి. ఇది లోతైనది, మూడు క్వార్టులు, అంటే దాదాపు మూడు లీటర్లు ఎక్కువ ఆయిల్ పడుతుంది. అడుగున రెక్కలున్నాయి, గాలి తగిలి చల్లబడుతుంది. ఆయిల్ వదలడానికి కింద డ్రెయిన్ ప్లగ్గు కూడా ఉంది. రేడియేటర్ ముందు పెట్టడానికి ఆయిల్ చల్లబరిచే పెద్ద కూలర్, కొత్త గొట్టాలు ఉంటాయి. చిన్న ప్యాకెట్‌లో వేలెడంత లోహపు ముక్క ఉంటుంది. ఆయిల్ కూలర్‌లోకి వెళ్ళే దారిలో ఒక వాల్వ్ ఉంది, దాన్ని తీసేసి ఈ ముక్క పెట్టాలి. ఇది మాత్రం మర్చిపోకు. అన్నింటికన్నా అదే ముఖ్యం.

బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. బొమ్మలు గీసి పెట్టాను. షాపులో ఇవ్వకు, వాళ్ళు ఆ చిన్న ముక్క అక్కర్లేదంటారు. నీ చేత్తో నువ్వు చేస్తేనే నాకు నమ్మకం.

జయ

షామ్‌బర్గ్,
ఆగస్టు 17

ఒసేయ్ జయా,

అది 57. ఇప్పుడు కథ విను.

పాత పాన్‌కి అడుగున ప్లగ్గు లేదు. ఒక మూల బోల్టులు వదులు చేసి మెల్లగా వంచి ఆయిల్ కారనివ్వాలని నువ్వు రాసింది బాగానే ఉంది. కానీ ఆ మెల్లగా అన్న మాట పాన్‌కి తెలియదు. అనిక పుట్టినరోజుకి కేటరింగ్ వాడు బిర్యానీ తెచ్చిన పెద్ద అల్యూమినియం ట్రేలు దాచి ఉంచాను, అవి రెండు పరిచాను. అయినా సగం నా జుట్టులోకే వచ్చింది. ఎర్రగా ఉండాలి కదా ఆ ఆయిల్? కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది, మాడిన వాసనతో. పాన్‌లో ఉన్న అయస్కాంతానికి బూడిదలాంటి లోహప్పొడి మందంగా పట్టి ఉంది. దివాకర్ టార్చి పట్టుకుని "ఇది నార్మలేనా?" అని పదిసార్లు అడిగాడు. నాకు తెలిస్తే కదా.

కూలర్ పెట్టడానికి ముందు బంపర్ విప్పాల్సి వచ్చింది. ఆ రోజంతా బండి పళ్ళూడిన మొహంతో డ్రైవ్‌వేలో నిలబడింది. పక్కింటాయన వచ్చి మీ ఆయన మెకానిక్కా అని నన్నడిగాడు. నేను బండి కింద ఉన్నాను, దివాకర్ నిమ్మరసం తాగుతున్నాడు, అయినా అదే ప్రశ్న. నీ చిన్న లోహపు ముక్క సరిగ్గా కూర్చుంది. బోల్టులు నువ్వు గీసిన వరుసలోనే బిగించాను. ఇంజిన్ నడుస్తుండగా లెవెల్ చూసి, ఆ లెవెల్ రంధ్రంలోంచి చుక్క చుక్కగా కారేదాకా కొత్త ఆయిల్ పోసి మూత బిగించాను. ఒక్క చుక్క కూడా లీకు లేదు.

పోయిన శనివారం క్యాంపర్ తగిలించి విస్కాన్సిన్ వెళ్ళొచ్చాం. ఎంతసేపు లాగినా 196 దాటలేదు. అందులో నా వాటా చూసి నాకే ముచ్చటేసింది. గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు, ఆఫీసు వాళ్ళతో పొద్దుటి వీడియో మీటింగ్‌లో కావాలనే చేతులు కెమెరాకి చూపిస్తున్నాను.

ఒక్క సందేహం. ఆ వాల్వ్ సంగతి నీకు ముందే అంత ఖచ్చితంగా ఎలా తెలిసింది? నా నంబర్లు చూసి కనిపెట్టావా? అలాగైతే నీకు దండం పెట్టాలి. నువ్వు అడగకపోతే మేం నంబర్లు చూసేవాళ్ళమే కాదు, ఆ మాడిన ఆయిల్‌తోనే ఊళ్ళు తిరిగేవాళ్ళం. నా పిల్లలకి ముప్పు రాకుండా నువ్వు అడ్డం నిలబడ్డావే.

నీ
విద్య

ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబర్ 8

విద్యా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఆఫీసులో ఊపిరి ఆడటం లేదు. ఒక పెద్ద విషయం కదిలింది, ఇన్నాళ్ళకి నా మాట వింటున్నారు. ఇప్పుడే ఏమీ రాయలేను. నువ్వు పని అంత శుభ్రంగా చేసినందుకు గర్వంగా ఉంది. వేదకి, అనికకి ముద్దులు.

జయ

షామ్‌బర్గ్,
అక్టోబర్ 30

జయంతికి,

పోయిన వారం కంపెనీ నుంచి రీకాల్ నోటీసు వచ్చింది, ఈ రకం బండ్లన్నీ వెనక్కి తెస్తే ఉచితంగా బాగుచేస్తామని. మా బండి గేర్‌బాక్స్‌లో ఒక వాల్వ్ బిగుసుకుపోయి ఆయిల్ కూలర్‌లోకి వెళ్ళదట. బరువు లాగుతున్నప్పుడు ఆయిల్ పొంగి బయటికి చిమ్మి, కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడితే నిప్పంటుకోవచ్చట. ఈ లోపు ఏమీ లాగవద్దట, ఇంటికి దూరంగా పార్క్ చేయమన్నారు. చదివి ముందు నీకు దండం పెట్టుకున్నాను. అబద్ధం ఎందుకు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రీకాల్ నంబరు పెడితే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మొత్తం ఫైలు వస్తుంది. ఏ తేదీన ఎవరికి ఏం తెలిసిందో కంపెనీ వరసగా రాసిచ్చింది. నేను టెస్టర్‌ని కదా, చివరిదాకా చదవటం అలవాటు. మార్చి నాలుగున ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ ఆ వాల్వ్ బిగుసుకోవటం చూసి రిపోర్టు రాసిందట. నిప్పంటుకునే ప్రమాదం ఉందని ఆ మార్చిలోనే రాసిందట. దాని కింద జూలై పన్నెండు. టెన్నెసీలో ఒక కొండ, వెనక క్యాంపర్, గంటకి 57 మైళ్ళు, 274 డిగ్రీలు. బండిలో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. వెనక సీటులో ఒక పాపకి వాంతి కావడంతో ఏసీ ఫుల్‌లో ఉంది.

అనికకి వాంతి అయిన సంగతి నేను లోకంలో ఒక్కరికే రాశాను.

మార్చిలో తెలుసు నీకు. మేలో నాకు రాశావు, భయపడే పనేమీ లేదని. పిల్లలతో వెళ్తున్నామని తెలిసే రాశావు. అదే ఉత్తరంలో అనిక గురించి అడిగావు కూడా. ఆ పాన్, ఆ కూలర్, ఆ చిన్న ముక్క మే నెలలోనే పంపి ఉండొచ్చు కదా. కొండ ఎక్కాక పంపావు. నంబరు చేతికొచ్చాక పంపావు.

నాకిప్పుడు ఉత్తరాల సంగతి కూడా అర్థమైంది. ఆఫీసు ఫోన్‌లో గానీ, మెయిల్‌లో గానీ నా పేరు పక్కన నీ పేరు కనబడకూడదు. అందుకే చేతిరాత. హాస్టల్ ఉత్తరాలు దొరికాయన్నావు. అవి నిజంగా దొరికాయా జయంతీ?

దివాకర్ ఆపేద్దామంటే ఇంకొక్క మైలు పోనిచ్చింది నేను. నా పిల్లలు వెనక కూర్చుని ఉండగా, కింద ఆయిల్ మాడుతుండగా, నీకు పూర్తి నంబరు ఇవ్వాలని నేనే పోనిచ్చాను. ఇది తలుచుకుంటే అన్నం దిగటం లేదు. నా చేత ఆ పని చేయించావు.

శ్రీవిద్య

ఫార్మింగ్టన్ హిల్స్,
నవంబర్ 5

విద్యా,

నువ్వు రాసిందంతా నిజం. ఉత్తరాలు దొరకలేదు. అవి నా పెళ్ళప్పుడే పోయాయి.

చెప్పుకోనీ, తర్వాత నీ ఇష్టం. మార్చిలో రిపోర్టు ఇస్తే మా డైరెక్టర్ "ల్యాబ్‌లో ఏదైనా జరుగుతుంది, రోడ్డు మీద ఎవరికి జరిగిందో చూపించు" అన్నాడు. టెస్ట్ బండి అడిగితే ఇవ్వలేదు. మాట్లాడినప్పుడల్లా నా గ్రీన్‌కార్డు ఫైలు ఎవరి చేతిలో ఉందో గుర్తుచేశాడు. బయట చెబితే ఉద్యోగం పోతుంది. అరవై ఒక్క వేల బండ్లు రోడ్ల మీద ఉన్నాయి. అప్పుడు మీ క్యాంపర్ ఫోటో చూశాను. నువ్వు జాగ్రత్త మనిషివి, తేడా వస్తే ఆపేస్తావు, నీకు మాత్రం ఏమీ కాదు అనుకున్నాను. ప్రమాదం ఉందని చెప్తే నువ్వు వెళ్ళవని భయపడ్డాను. నాకు ఒక్క నిజమైన నంబరు కావలసి వచ్చింది. జూలై పన్నెండున రోజంతా ఫోన్ చేతిలో పట్టుకుని బాత్రూంలో కూర్చున్నాను. అది నీకు సమాధానం కాదని నాకు తెలుసు.

నీ నంబరు వల్లే రీకాల్ వచ్చింది. అంతమంది పిల్లలు ఇవాళ క్షేమంగా ఉన్నారు. ఇది నన్ను నేను వెనకేసుకురావటానికి చెప్పటం లేదు, నీకు తెలియాలని చెప్తున్నాను.

ఇప్పుడు కంపెనీ లాయర్లు నా మీద విచారణ పెట్టారు. ఆ రోడ్డు నంబర్లు ఇచ్చినవాళ్ళకి ప్రమాదం సంగతి ముందే తెలుసా అని అడిగారు. తెలుసు, ఒప్పుకునే వెళ్ళారు అని చెప్పేశాను. రుజువు కావాలన్నారు. లేకపోతే పదిహేనో తేదీతో నా ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత అరవై రోజుల్లో దేశం వదలాలి, అవినాష్ కూడా నా వీసా మీదే ఉన్నాడు. గ్రీన్‌కార్డు కోసం పదకొండేళ్ళుగా నిలబడ్డ లైను మొత్తం పోతుంది. ఒక కాగితం ఇంగ్లీషులో టైప్ చేసి ఇందులో పెట్టాను. "నాకు ముందే తెలుసు, ఇష్టపడే వెళ్ళాను" అని నీ మాటగా ఉంటుంది. సంతకం ఒక్కటే చెయ్యాలి. లాయర్ల అడ్రసుతో స్టాంపు అంటించిన కవరు కూడా ఉంది.

అడిగే మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

జయ

షామ్‌బర్గ్,
నవంబర్ 11

జయంతికి,

నువ్వు పంపిన కాగితం వచ్చిన రోజు నుంచీ ఫ్రిజ్ మీద పెట్టుకున్నాను. దివాకర్ చింపేస్తానన్నాడు. వద్దన్నాను. అవినాష్ ముఖం గుర్తొచ్చింది, ఆ పదకొండేళ్ళు గుర్తొచ్చాయి. పెన్ను మూడుసార్లు తీశాను.

సంతకం పెట్టలేకపోయాను. నాకు ముందే తెలుసు అని రాసి ఉంది అందులో. అది ఒప్పుకుంటే, నా పిల్లల్ని తెలిసి తెలిసి ఆ బండి ఎక్కించిన తల్లిని నేనవుతాను. నీ తప్పుకి నా పేరు పెట్టుకోలేను. ఇప్పటికే ఒక మైలు నా పేరు మీద ఉంది, అది చాలు నాకు.

నీ డైరెక్టర్ మీద కూడా నాకు కోపమే. కానీ వాడెవడో నాకు తెలియదు. ఆ మనిషి నాతో ఒకే కంచంలో తినలేదు. ప్రమాదం ఉందని చెప్తే నేను వెళ్ళనని అనుకున్నావు చూడు, అక్కడే తెగిపోయింది జయంతీ. ఇరవై ఏళ్ళలో నన్ను నువ్వు తెలుసుకున్నది అంతేనన్నమాట. అబద్ధం ఆడావన్నదాని కన్నా అదే నన్ను ఎక్కువ కోస్తోంది.

నువ్వు పంపిన కవరులోనే నేను వేరే కాగితం పెట్టి లాయర్లకి ఇవాళ పోస్టు చేశాను. దాని వల్ల నీ ఉద్యోగం నిలబడుతుందో పోతుందో నాకు తెలియదు, అడగను కూడా. నాకు మళ్ళీ రాయకు. నువ్వు టైప్ చేసిన కాగితం వెనక్కి పంపుతున్నాను. నేను వాళ్ళకి రాసింది ఇంగ్లీషులో రెండే వాక్యాలు, నీ కోసం తెలుగులో ఇక్కడ రాస్తున్నాను.

జయంతి నాకు ప్రమాదం సంగతి చెప్పలేదు. చెప్పి అడిగి ఉంటే, నా పిల్లల్ని ఇంట్లో దింపి నేనొక్కదాన్నే ఆ కొండ ఎక్కేదాన్ని.

శ్రీవిద్య